నాచుకు ఫాస్ఫేటే కారణమా? తొట్టెలోనే తేలాలి

గాజు తొట్టెలో చేపలతోపాటు మొక్కలూ పెంచేవాళ్లకు తప్పకుండా ఎదురయ్యే సలహా ఒకటుంది: నీళ్లలో ఫాస్ఫేట్ పెరిగితే నాచు పడుతుంది, కాబట్టి ఫాస్ఫేట్‌ని తీసెయ్యాలి. ఇందుకోసం అక్వేరియం దుకాణాల్లో ఫాస్ఫేట్‌ని పట్టి ఉంచే గుళికలు అమ్ముతారు. చేపలకు మేత తగ్గించమంటారు, మొక్కలకు వేసే ఎరువులో ఫాస్ఫేట్ లేకుండా చూసుకోమంటారు. పైకి చూస్తే ఈ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. నాచుకు ఫాస్ఫరస్ కావాలన్నది నిజం. మురుగు కలిసిన చెరువు పచ్చబడటం అందరూ చూసిందే. అయినా వినడానికి సబబుగా ఉండటం వేరు, నిజం కావడం వేరు. ఈ మాట ఎక్కడ పుట్టింది, పరీక్షకు పెడితే ఏమైంది, ఆ పరీక్షను ఇంకా గట్టిగా ఎలా చెయ్యవచ్చు అని వరసగా చూస్తే, అక్వేరియం మొక్కల గురించి చలామణీలో ఉన్న మిగతా మాటలను తూచడానికీ ఒక పద్ధతి దొరుకుతుంది. ఒక మాటకు అనుకూలంగా ఉదాహరణలు పోగు చేసుకుంటూ పోతే తేలేది తక్కువ. అది తప్పైతే బయటపడక తప్పని పరిస్థితిని కావాలని కల్పిస్తే తేలేది ఎక్కువ.

ఫాస్ఫేట్ మీద అనుమానం ఊరికే పుట్టలేదు. కెనడాలోని వాయవ్య అంటారియోలో ‘ఎక్స్‌పెరిమెంటల్ లేక్స్ ఏరియా’ అని ఒక ప్రాంతం ఉంది. అక్కడ శాస్త్రవేత్తలు సరస్సులనే ప్రయోగశాలగా వాడుకుంటారు. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం 226వ నంబరు సరస్సును సన్నగా ఉన్న చోట తెర కట్టి రెండుగా విడదీసింది. ఒక భాగంలో కార్బన్, నైట్రోజన్ కలిపారు. రెండో భాగంలో ఆ రెండింటితోపాటు ఫాస్ఫరస్ కూడా కలిపారు. ఆ వేసవి ముగిసేలోగా ఫాస్ఫరస్ అందిన భాగం పచ్చగా మారిపోయింది, అవతలి భాగం తేటగానే మిగిలింది. డిటర్జెంట్లలో ఫాస్ఫేట్‌ని కట్టడి చెయ్యాలన్న వాదనకు ఆ సరస్సును ఆకాశం నుంచి తీసిన ఫొటో పెద్ద ఆధారమైంది. ఈ ప్రయోగానికి బలం ఆ తెర వల్ల వచ్చింది. రెండు వైపులా అదే ఎండ, అదే వాన, అదే సరస్సు నీళ్లు. తేడా ఒక్క ఫాస్ఫరస్‌లోనే ఉంది కాబట్టి ఫలితంలో వచ్చిన తేడాను మరి దేనికీ అంటగట్టడానికి వీల్లేదు. హుస్సేన్‌సాగర్‌లో మురుగునీరు చేరి పచ్చబడటం, గుర్రపుడెక్క పెరగడం చూసిన హైదరాబాదీకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ తర్కాన్ని గాజు తొట్టెలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యులు పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్. 1996లో వాళ్లు రాసిన పత్రం అక్వేరియం అభిరుచి ఉన్నవాళ్లలో బాగా పాకింది. నైట్రేట్, పొటాషియం, మెగ్నీషియం, ఇనుము వంటివి మొక్కలకు పుష్కలంగా ఇచ్చి, ఫాస్ఫేట్‌ని మాత్రం కొరతలో ఉంచితే మొక్కలు ఉన్న ఆ కాస్త ఫాస్ఫేట్‌నీ లాగేసుకుంటాయి, నాచు ఆకలితో చస్తుంది అన్నది వాళ్ల వాదన. వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన చవక ఎరువు మిశ్రమంలో ఫాస్ఫేట్ ఉండదు. అది వాడినవాళ్లలో చాలామందికి తొట్టెలు బాగుపడ్డాయి కూడా. ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఆ మిశ్రమం ఒకేసారి రెండు పనులు చేసింది: అంతదాకా అందని నైట్రేట్, పొటాషియం, సూక్ష్మపోషకాలను మొక్కలకు అందించింది, ఫాస్ఫేట్‌ని ఆపింది. తొట్టె బాగుపడింది మొదటిదాని వల్లా, రెండోదాని వల్లా? బాగుపడిన తొట్టెలు వంద చూపించినా ఈ ప్రశ్నకు జవాబు రాదు, ఎందుకంటే వందలోనూ రెండు పనులూ జంటగానే జరిగాయి.

జవాబు రావాలంటే జంటను విడదియ్యాలి. మిగతా పోషకాలన్నీ ఇస్తూనే ఫాస్ఫేట్‌ని కూడా కావాలని కలపాలి. 1990ల చివర్లో అమెరికాలో టామ్ బార్ వంటివాళ్లు చేసింది ఇదే. మొక్కలు ఏపుగా పెరుగుతూ, కార్బన్ డయాక్సైడ్ సరిపడా అందుతున్న తొట్టెల్లో పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ కలుపుతూ, లీటరుకు 1, 2 మిల్లీగ్రాములు, ఆపైన కూడా ఫాస్ఫేట్ ఉండేలా చూశారు. ‘ఫాస్ఫేట్ పెరిగితే నాచు పడుతుంది’ అన్న మాట నిజమైతే ఆ తొట్టెలు నాచుతో నిండాలి. నిండలేదు. మొక్కలు ఇంకా వేగంగా పెరిగాయి. తత్వవేత్త కార్ల్ పాపర్ నొక్కి చెప్పిన తేడా ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. తేటగా ఉన్న తొట్టెలు ఎన్ని చూపినా ‘ఫాస్ఫేట్ తగ్గించడం వల్లే’ అని రుజువు కాదు. ఫాస్ఫేట్ నిండుగా ఉండి కూడా తేటగా ఉన్న తొట్టె ఒక్కటి కనిపిస్తే చాలు, ‘ఫాస్ఫేట్ ఉంటే చాలు, నాచు వస్తుంది’ అన్న మాట ఉన్నది ఉన్నట్టుగా నిలబడదు.

అంకెలు వేసి చూసినా ఆ మాట నిలబడటం కష్టమే. ఇళ్లలో వాడే ఫాస్ఫేట్ టెస్ట్ కిట్లలో చాలావాటికి సున్నా తర్వాత కనిపించే మొదటి రంగు లీటరుకు దాదాపు పావు మిల్లీగ్రాము దగ్గర ఉంటుంది. ఫాస్ఫేట్ బరువులో ఫాస్ఫరస్ వాటా మూడింట ఒక వంతు కాబట్టి, అది లీటరుకు సుమారు 80 మైక్రోగ్రాముల ఫాస్ఫరస్. సరస్సుల్లో మొత్తం ఫాస్ఫరస్ లీటరుకు 35 మైక్రోగ్రాములు దాటితేనే పోషకాలు మితిమీరిన సరస్సుగా లెక్కిస్తారు. అంటే కిట్‌లో రంగు మారకముందే, యజమాని ‘సున్నా’ అని సంబరపడుతున్న నీళ్లలోనే నాచుకు కావలసినంత ఉండవచ్చు. నాచు కణం చిన్నది, దాని అవసరమూ చిన్నదే. వేళ్లు, కాండాలు, వెడల్పాటి ఆకులు కట్టుకోవాల్సిన మొక్క అవసరం పెద్దది. చేపలున్న తొట్టెలో రోజూ మేత పడుతూనే ఉంటుంది. అలాంటి చోట ఫాస్ఫేట్‌ని బిగిస్తే ముందు ఆకలితో అల్లాడేది మొక్కే.

మరైతే ఫాస్ఫేట్ కలపగానే తమ తొట్టెలో నాచు పట్టిందని చెప్పేవాళ్లంతా అబద్ధమాడుతున్నారా? అక్కర్లేదు. వాళ్లు చూసింది నిజమే కావచ్చు, చెప్పుకున్న కారణం తప్పు కావచ్చు. 19వ శతాబ్దంలో జర్మనీలో కార్ల్ స్ప్రెంగెల్ చెప్పి, యుస్టుస్ ఫాన్ లీబిగ్ ప్రచారం చేసిన సూత్రం ప్రకారం, మొక్క పెరుగుదల అన్నిటికన్నా కొరతగా ఉన్న పోషకం దగ్గర ఆగుతుంది. ఫాస్ఫేట్ కొరతలో ఉన్న మొక్క మెల్లగా పెరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ కూడా మెల్లగానే తీసుకుంటుంది. ఫాస్ఫేట్ అందగానే దాని జోరు పెరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. నీళ్లలో ఆ వాయువు గాలిలోకన్నా దాదాపు పదివేల రెట్లు మెల్లగా వ్యాపిస్తుంది. పైగా గాలితో సమతూకంలో ఉన్న నీళ్లలో అది లీటరుకు అర మిల్లీగ్రాముకు కాస్త అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. కాబట్టి కొరత ఫాస్ఫేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌కు మారుతుంది, మొక్క కుంటుపడుతుంది, దెబ్బతిన్న ఆకుల మీద నాచుకు చోటు దొరుకుతుంది. ఈ వివరణ కూడా ప్రస్తుతానికి ఊహే. కానీ మొదటి ఊహకు లేని సుగుణం దీనికుంది: రెండూ వేర్వేరు జోస్యాలు చెబుతాయి, కాబట్టి రెండిటినీ ముఖాముఖి నిలబెట్టి తేల్చవచ్చు.

దానికి నాలుగు రకాల తొట్టెలు కావాలి: ఫాస్ఫేట్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ తక్కువ; ఫాస్ఫేట్ ఎక్కువ, కార్బన్ డయాక్సైడ్ తక్కువ; ఫాస్ఫేట్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ; రెండూ ఎక్కువ. నేరం ఫాస్ఫేట్‌దే అయితే కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నా ఫాస్ఫేట్ ఎక్కువగా ఉన్న రెండింట్లోనూ నాచు కనిపించాలి. రెండో ఊహ సరైతే, ఫాస్ఫేట్ ఎక్కువై కార్బన్ డయాక్సైడ్ చాలని తొట్టెలోనే నాచు పెరగాలి, రెండూ నిండుగా ఉన్నది తేటగా ఉండాలి. ‘ఒకసారికి ఒక్కటే మార్చు’ అని బడిలో నేర్పిన నియమాన్ని మాత్రమే పాటిస్తే ఈ సంగతి దొరకదు. కార్బన్ డయాక్సైడ్ చాలని తొట్టెలో ఫాస్ఫేట్ ఒక్కదాన్నే మార్చిన మనిషి, నిజాయితీగా ప్రయోగం చేసి కూడా, తప్పు నిర్ణయానికే వస్తాడు. ఇంగ్లండ్‌లోని రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన రోనాల్డ్ ఫిషర్, కారకాలను ఇలా కలగలిపి పరీక్షించే పద్ధతిని సమర్థించింది ఇందుకే. ఒకదాని ప్రభావం మరొకదాని మీద ఆధారపడితే, ఆ సంగతి జతలు మార్చి చూస్తేనే బయటపడుతుంది.

పరీక్ష సంగతి సరే, కార్బన్ డయాక్సైడ్ ‘ఎక్కువ’ అని ఎలా తెలుస్తుంది? చాలామంది తొట్టె నీళ్ల పీహెచ్‌నీ, కార్బొనేట్ కాఠిన్యాన్నీ కొలిచి పట్టికలో చూసుకుంటారు. కానీ ఆ పట్టిక నీళ్ల పీహెచ్‌ని కార్బొనేట్లు, కార్బన్ డయాక్సైడ్ మాత్రమే నిర్ణయిస్తాయన్న షరతు మీద నడుస్తుంది. కొయ్య దుంగ నుంచి దిగే ఆమ్లాలు, ఫాస్ఫేట్ వంటివి ఆ షరతును చెడగొడతాయి, పట్టిక లేని వాయువును ఉన్నట్టు చూపుతుంది. డ్రాప్ చెకర్ అనే చిన్న గాజు బుడ్డి ఈ చిక్కును తేలిగ్గా విప్పుతుంది. బోర్లించినట్టుండే ఆ బుడ్డిలో తొట్టె నీళ్లు పొయ్యరు. కాఠిన్యం సరిగ్గా 4 డిగ్రీలు ఉండేలా విడిగా తయారుచేసిన నీళ్లు పోసి, బ్రోమోథైమాల్ బ్లూ చుక్కలు వేస్తారు. తొట్టె నీళ్లకూ దీనికీ మధ్య గాలి అర మాత్రమే ఉంటుంది. వాయువు ఆ గాలిని దాటగలదు, ఆమ్లాలు దాటలేవు. లీటరుకు 30 మిల్లీగ్రాముల దగ్గర లోపలి పీహెచ్ 6.6కు దిగి రంగు ఆకుపచ్చగా మారుతుంది. నీలంగా ఉంటే తక్కువ, పసుపైతే ఎక్కువ. రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది, చూపే అంకె ఉజ్జాయింపే. అయినా కొలతను పాడుచేసేవాటిని బయట ఉంచి, కొలవాల్సినదాన్ని మాత్రం లోపలికి రానివ్వడమన్న నియంత్రిత ప్రయోగ సూత్రం ఆ గుప్పెడు గాజులో ఇమిడి ఉంది.

ఫాస్ఫేట్ సంగతీ అంతే. కిట్ చెప్పింది వేదవాక్కు అనుకోకూడదు, ముందు కిట్‌నే పరీక్షించాలి. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 1.43 గ్రాములు తూచి, కరిగించి, డిస్టిల్డ్ వాటర్‌తో లీటరు చేస్తే అందులో 1000 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ ఉంటుంది. దాంట్లో ఒక మిల్లీలీటరు తీసి మళ్లీ లీటరు చేస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము. కిట్ దీన్ని 1 అని, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌ని సున్నా అని చదవకపోతే, అది తొట్టె గురించి చెప్పేదాన్ని నమ్మడానికి లేదు. బార్ ప్రచారం చేసిన ఎరువుల పద్ధతి కిట్ మీద ఆధారపడటాన్నే తగ్గించింది. వారానికి ఒకసారి సగం నీళ్లు మార్చి, వారానికి లీటరుకు 3 మిల్లీగ్రాముల చొప్పున కలుపుతూ పోతే, మొక్కలు చిటికెడు తీసుకోకపోయినా నీళ్లలో పోగయ్యేది 6 దాటదు. ప్రతి వారం ఉన్నదాంట్లో సగం పోతుంది కాబట్టి లెక్క అక్కడ స్థిరపడుతుంది. మేత నుంచి, కుళాయి నీళ్ల నుంచి వచ్చేది దీనికి అదనం. అయినా పైహద్దు లెక్కకు అందుతుంది.

అయితే కొలతలెంత పక్కాగా ఉన్నా పోలిక లేకపోతే ప్రయోజనం లేదు. బెల్జియం శాస్త్రవేత్త ఫాన్ హెల్మాంట్ విల్లో మొక్కను కుండీలో అయిదేళ్లు పెంచాడు. చెట్టు 164 పౌన్లు పెరిగింది, మట్టి మాత్రం రెండు ఔన్సులే తగ్గింది. మొక్క ఒళ్లంతా నీళ్లతోనే తయారైందని తేల్చాడు. 1648లో అచ్చయిన ఆ తూకాల్లో పెద్ద తప్పు లేదు, తప్పు నిర్ణయంలో ఉంది. చుట్టూ ఉన్న గాలిని ఆయన లెక్కలోకే తీసుకోలేదు. లండన్‌లో జాన్ వుడ్‌వర్డ్, 1699లో ప్రచురించిన ప్రయోగాల్లో, పుదీనా జాతి మొక్కలను వాననీళ్లలో, థేమ్స్ నది నీళ్లలో, తోట మట్టి కలిపిన నీళ్లలో పక్కపక్కనే పెంచాడు. మట్టి కలిసిన నీళ్లలోని మొక్కలు బాగా పెరిగాయి. మొక్కకు నీళ్లే చాలన్న మాట, నీళ్లను నీళ్లతో పోల్చి చూడగానే వీగిపోయింది.

పోలికలోనూ మోసపోవడానికి దారులున్నాయి. ఫాస్ఫేట్ కలిపిన తొట్టెలో పది మొక్కలు, కలపని తొట్టెలో పది మొక్కలు పెట్టి ‘ఇరవై మొక్కల మీద పరీక్షించాను’ అనడం వాటిలో ఒకటి. ఎరువు పడింది తొట్టెకు. ఆ తొట్టెకు ఎండ కాస్త ఎక్కువ తగిలినా, ఫిల్టర్ కాస్త మందగించినా పది మొక్కలూ కలిసే ఆ ఫలితం చూపిస్తాయి. కాబట్టి అక్కడున్నది పది సాక్ష్యాలు కావు, ఒక్కటే. పర్యావరణ శాస్త్రవేత్త స్టువర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో పేరున్న పరిశోధనల్లోనే ఈ పొరపాటు ఎంత విరివిగా ఉందో చూపించాడు. నిజానికి 226వ సరస్సులోనూ రెండు భాగాలే ఉన్నాయి. దాని బలం తేడా అంత పెద్దదిగా ఉండటంలోనూ, ఇతర సరస్సుల్లో దొరికిన ఆధారాలు దానితో కలవడంలోనూ ఉంది. అందుకే తొట్టెలు ఒక్కో రకానికి కనీసం మూడు ఉండాలి. ఏ తొట్టెకు ఏది పడాలో చీటీలు తీసి నిర్ణయించాలి. నాచు ఎంతుందో మార్కులు వేసే మనిషికి ఏ తొట్టెలో ఏం కలిపారో తెలియకూడదు. ఫాస్ఫేట్ దోషి అని నమ్మిన కంటికి గాజు మీది చిన్న మరక కూడా సాక్ష్యంగానే కనిపిస్తుంది.

ఇంత తతంగం ఇంట్లో ఎవరు చేస్తారన్న అభ్యంతరం సహజమే. కానీ పరీక్షకు పెద్ద తొట్టెలు, ఖరీదైన లైట్లు ఉండి తీరాలని లేదు. తెలుగు బడుల్లో చదివినవాళ్లకు హైడ్రిల్లా ప్రయోగం తెలుసు: బీకరులో మొక్క, దాని మీద బోర్లించిన గరాటు, పైన నీళ్లు నింపిన పరీక్షనాళిక, ఒక జత ఎండలో, ఒక జత నీడలో. నీడలో పెట్టిన జత అక్కడ పోలిక కోసమే ఉంది, అది లేకపోతే బుడగలకు కారణం వెలుతురేనని చెప్పలేం. అదే హైడ్రిల్లా తుంచిన కాడలను ఒకే పొడవుకు కత్తిరించి, ఒకే కిటికీ పక్కన పెట్టిన గాజు జాడీల్లో పెంచి ఎరువుల గురించిన మాటలెన్నో పరీక్షించవచ్చు. జాడీలు కుదరకపోతే ఒకే తొట్టెలో కొన్ని వారాలు కలిపి, కొన్ని వారాలు ఆపి, మళ్లీ కలిపి చూడవచ్చు. కలిపిన ప్రతిసారీ ఫలితం వచ్చి, ఆపిన ప్రతిసారీ పోతే అది ఒక్కసారి జరిగినదానికన్నా ఎంతో బలమైన ఆధారం. ఒక్క జాగ్రత్త: అమ్మోనియా పెంచడం, కార్బన్ డయాక్సైడ్‌ని హద్దు దాటించడం వంటివి చేపల ప్రాణాలు తీస్తాయి. అలాంటివి చేపల్లేని జాడీల్లోనే చెయ్యాలి.

‘ప్రయోగాలెందుకు, నా అనుభవంలో పనిచేసింది’ అన్నది రెండో అభ్యంతరం. అనుభవాన్ని కొట్టిపారెయ్యనక్కర్లేదు, పరీక్షించదగ్గ ఊహలు చాలావరకు అక్కడి నుంచే పుడతాయి. కానీ మనిషి మందు వేసేది నాచు ముదిరినప్పుడు. ముదిరినది ఏదో ఒకనాటికి తగ్గుతుంది, ఆ ఘనత చివరగా వేసిన మందుకు దక్కుతుంది. జలుబుకు మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందన్న సామెత లాంటిదే ఇదీ. కొత్త తొట్టెల్లో మొదట్లో పట్టే గోధుమరంగు డయాటమ్ పొర చాలాసార్లు దానంతటదే పోతుంది. మందు వెయ్యని తొట్టె పక్కన లేకపోతే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. 1980ల్లో జర్మనీ నుంచి వచ్చిన డూప్లా పద్ధతిలో కంకర కింద వేడి తీగలు పరిచేవారు. అదే పద్ధతిలో కార్బన్ డయాక్సైడ్, ఇనుము ఎరువులు కూడా ఉండేవి. తొట్టె అందంగా ఉంటే అందులో తీగల వాటా ఎంతో, తీగలు తీసేసిన జోడు తొట్టె లేకుండా చెప్పలేం.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది: బార్ తొట్టెలు మాత్రం నియంత్రిత ప్రయోగాలా? ఒక మనిషి తొట్టెల ఆధారంతో, షిండ్లర్ సరస్సు చూపినదాన్ని కాదనగలమా? కాదనలేం, కాదనాల్సిన పనీ లేదు. ఎదురుదాహరణ చెయ్యగలిగేది ఒకటే: ‘ఫాస్ఫేట్ ఉంటే చాలు’ అన్న సార్వత్రిక వాక్యాన్ని కూలదొయ్యడం. ఫాస్ఫేట్ వల్ల నాచుకు ఏ పరిస్థితిలోనూ మేలు జరగదని అది రుజువు చెయ్యదు. ఆ పని నాలుగు రకాల తొట్టెల పరీక్ష వంటిదే చెయ్యాలి. ఇక సరస్సు మాట. 226వ సరస్సులో పచ్చబడింది నడి నీళ్లలో తేలాడే సూక్ష్మమైన నాచు, అక్కడ దానికి పోటీగా నీళ్లంతా అల్లుకున్న మొక్కలు లేవు. లోతు తక్కువ సరస్సుల్లో ఒకే స్థాయి పోషకాలతో నీళ్లు మొక్కలతో తేటగానూ ఉండవచ్చు, నాచుతో మురికిగానూ ఉండవచ్చునని మార్టెన్ షెఫర్, ఆయన సహచరులు 1993లో వివరించారు. మొక్కలతో నిండిన గాజు తొట్టె ఆ మొదటి రకానికి దగ్గర. రెండు ఆధారాలూ నిజమే, రెండూ వేర్వేరు పరిస్థితుల గురించి చెబుతున్నాయి. సరస్సు పాఠాన్ని షరతులు విప్పి పక్కన పడేసి తొట్టెకు తగిలించడంలోనే పొరపాటు జరిగింది.

పరీక్షించినందువల్ల మిగిలిన లాభం ఏమిటంటే, వదులుగా ఉన్న ఒక మాట బిగువైన మాటగా మారింది. ‘ఫాస్ఫేట్ వల్ల నాచు’ అన్నది పోయి, ‘మొక్కలు నిండి, కార్బన్ డయాక్సైడ్, ఇతర పోషకాలు సరిపడా ఉన్న తొట్టెలో ఫాస్ఫేట్ ఒక్కటే పెరిగినంత మాత్రాన నాచు రాదు’ అన్నది వచ్చింది. రేపు ఎవరైనా ఆ షరతులన్నీ పాటిస్తూనే ఫాస్ఫేట్‌తో నాచు తెప్పించి చూపితే ఈ మాటా వెనక్కి తగ్గాలి. అలా తగ్గగలగడమే దాని అర్హత. ఎర్రటి లైటుతో ఆకులు ఎర్రబడతాయన్నా, ఇనుము వేస్తే రంగు వస్తుందన్నా, ఫలానా సీసా ద్రవం నాచును అడుగంటా తుడిచేస్తుందన్నా, చెప్పేవాణ్ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఏం జరిగితే నీ మాట తప్పని ఒప్పుకుంటావు? ఆ ప్రశ్నకు జవాబు ఉంటే రెండు జాడీలు తెచ్చి మొదలుపెట్టవచ్చు. జవాబు లేకపోతే సీసా కొనకుండా డబ్బు మిగుల్చుకోవచ్చు.